పదమూడు అంగుళాల ఏడు నూలు

నేను ఒక ఫైలుని. అట్టల మధ్య తాడుతో కట్టి బీరువాలో పడేసే ఫైలుని కాదు, కంప్యూటరులో ఉండే ఫైలుని. డేటాబేస్ అంటారు. పేర్లూ ఊళ్ళూ కొలతలూ గడుల్లో దాచుకోవడం, ఎవరైనా అడిగితే తీసి చూపించడం నా పని. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే "ఉన్నాను" అంటాను. అంతకు మించి చెప్పే ఓపిక లేదు.

ఉండేది విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో, రైల్వే గేటు పక్కన. రెండు గదులూ ఒక రేకుల షెడ్డూ ఉన్న చోటు. కాలు పోయిన వాళ్ళకి అక్కడ ఉచితంగా కృత్రిమ కాళ్ళు చేసి ఇస్తారు. నాలుగు వేల పైచిలుకు మనుషుల కాళ్ళ కొలతలు నా దగ్గరున్నాయి. అందరి గురించీ చెప్పను. నూకరత్నం అనే ఆవిడ గురించి చెబుతాను. నన్ను తీసుకెళ్ళి ఎక్కడో ఉన్న పెద్ద సర్వరుకి కలిపినప్పుడు జరిగిన చిన్న పొరపాటు వల్ల ఆమె కాలు పుండు పడింది, చేస్తున్న ఉద్యోగం పోయేదాకా వచ్చింది. 

నన్ను తయారు చేసింది హైమావతి. అప్పుడామెకి ఇరవై ఆరేళ్ళు. మూడు నెలల కంప్యూటరు కోర్సు చేసి, సర్టిఫికెట్టుకి లామినేషను చేయించుకుని, ఈ కేంద్రంలో గుమాస్తాగా చేరింది. పట్టికలు గీసి, వాటి మీద ఒక ఫారం పెట్టి, ఆ ఫారానికి లేత గులాబీ రంగు వేసింది. కేంద్రం నడిపే ట్రస్టు సెక్రటరీ గారు చూసి, "ఏమిటమ్మా, శుభలేఖలా ఉంది?" అన్నారు. ఆమె నొచ్చుకుంది గానీ రంగు మార్చలేదు. గడులన్నీ అక్షరాల గడులే పెట్టింది. అంకె పడినా మాట పడినా అభ్యంతరం లేదు. ఊరి పేరు రాయాల్సిన చోట "గేటు దాటాక ఇటుక బట్టీ ఎదురుగా" అని రాసినా తీసుకున్నాను. కొత్త కోడలిలా, ఏది వడ్డిస్తే అది తిన్నాను. తరవాత ఎవరో వచ్చి ఇలా తినకూడదంటారని నాకేం తెలుసు?

కాళ్ళు చేసేది లోకనాథం మేస్త్రి. అసలు ఆయన వడ్రంగి. గుమ్మాలు, తలుపులు చేసుకునే మనిషి. ట్రస్టు వాళ్ళు పిలిచి పని నేర్పిస్తే, పిండికట్టు అచ్చు తీయడం, ప్లాస్టిక్ గొట్టాన్ని పొయ్యిలో మెత్తబడేదాకా కాల్చి అచ్చు మీదికి లాగడం ఆర్నెల్లలో పట్టేశాడు. పని మారింది గానీ ఆయన టేపూ నోరూ మారలేదు. షెడ్డులో మిగిలిన కాలి చుట్టుకొలత తీస్తూ, కిటికీలోంచి గట్టిగా అరిచేవాడు.

"పదకొండూ మూడు! రాసావా అమ్మా?"

"రాశాను మేస్త్రి గారూ."

"పద్నాలుగూ ఆరు!"

పద్నాలుగూ ఆరు అంటే పద్నాలుగు అంగుళాల ఆరు నూలు. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని నూలు అంటారు. వడ్రంగులూ తాపీ మేస్త్రులూ అలాగే కొలుస్తారు. హైమావతి రెంటి మధ్యా చుక్క పెట్టి 14.6 అని కొట్టేది. చుక్కకి ముందు అంగుళాలు, చుక్క తరవాత నూలు. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. రాయాలని ఎవరికీ తోచలేదు. ఇంట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని ఎవరు రాసుకుంటారు?

అలా ఏళ్ళు గడిచాయి. కంప్యూటర్లు నాలుగు మారాయి. ఒకటి పిడుగు పడి కాలిపోయింది, ఒకదానిలో ఎలకలు కాపురం పెట్టాయి. ప్రతిసారీ హైమావతి నన్ను ముందు ఫ్లాపీలో, తరవాత సీడీలో, ఆ తరవాత పెన్‌డ్రైవులో మోసుకెళ్ళింది. దాని చోటు ఆమె పర్సులో, కుంకుమ పొట్లం పక్కన. నెలకోసారి ఇంకో నకలు తీసి ఇంట్లో అల్మరాలో పెట్టేది. ఆమె పెళ్ళీ, కూతురు పుట్టడమూ, కళ్ళజోడు రావడమూ అన్నీ చూశాను. ఆమె వేళ్ళు నెమ్మదించడమూ చూశాను. మనుషులు తమ అలసటని యంత్రం మీద తోసేస్తారు. "ఇది స్లో అయిపోయింది" అనేది ఆమె. కాదనలేదు. ఇద్దరిలో ఎవరు స్లో అయ్యారో తేల్చుకోవడం ఎందుకు?

నిరుడు విశాఖపట్నంలో ఉన్న మా హెడ్డాఫీసు ఒక యంత్రం కొన్నది. దానికి అంకెలు ఇస్తే చాలు, మోకాలి కింద మిగిలిన కాలికి తొడుక్కునే గిన్నెని అదే మలిచేస్తుంది. మనిషి రానక్కర్లేదు, పిండికట్టు అచ్చు అక్కర్లేదు. అయితే అంకెలన్నీ ఒకచోట ఉండాలి. అందుకని అయిదు కేంద్రాల లెక్కలూ ఒకే సర్వరులోకి ఎక్కించమన్నారు. ఆ పని మీద ఫణీంద్ర అనే అబ్బాయి వచ్చాడు. భుజాన సంచీ, చేతిలో లాప్‌టాప్, ముఖాన నిద్రలేమి. అయిదు కేంద్రాలకీ అతనొక్కడే. మంచివాడే. టీ ఇస్తే లేచి నిలబడి తీసుకున్నాడు.

నా పట్టికలన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీశాడు. సర్వరు నాలాంటిది కాదు. ప్రతి గడికీ ఇది అంకె, ఇది తేదీ, ఇది మాట అని ముందే చెప్పాలట. చెప్పినదానికి భిన్నంగా ఉంటే గుమ్మంలోంచే పంపేస్తుంది. ఇటుక బట్టీ ఎదురుగా ఉండే వాళ్ళందరికీ మర్యాదైన ఊరి పేర్లు వచ్చాయి. కొలతల గడి దగ్గరికి వచ్చాక ఫణీంద్ర తలెత్తి అడిగాడు.

"మేడమ్, ఈ కొలతలు దేనిలో? అంగుళాలా, సెంటీమీటర్లా?"

"అంగుళాలే బాబూ."

ఆమె అబద్ధం చెప్పలేదు. అతను తప్పు వినలేదు. యంత్రం మిల్లీమీటర్లే తింటుంది కాబట్టి ప్రతి అంకెనీ ఇరవై అయిదు పాయింట్ నాలుగుతో గుణించి సర్వరులో పడేశాడు. ఇరవై ఏళ్ళ నూలు ఒక్క నిమిషంలో దశాంశాలైపోయాయి. నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. అడిగితేనే చెప్పే పుట్టుక నాది.

తరవాత నన్ను సర్వరుకి కలిపాడు. మా ఇద్దరి భాషలూ వేరు. అందుకని మధ్యలో డ్రైవరు అనే ఒక దుబాసీ ప్రోగ్రాముని కూర్చోబెట్టాడు. అప్పటినుంచి పట్టికలు నాలో లేవు. వాటి పేర్లున్నాయి, పేరు పక్కన బుల్లి భూగోళం బొమ్మా, ఒక బాణమూ ఉన్నాయి. గులాబీ రంగు ఫారం మాత్రం అలాగే ఉంది. హైమావతి ఒక పేరు కొడితే, నేను విశాఖపట్నం దాకా వెళ్ళి అడిగి తెచ్చి చూపించాలి. వండేది ఎక్కడో, వడ్డించేది నేను.

హైమావతి మొదటిసారి తెరిచి చూసింది. నాలుగు వేల వరసల్లో, ప్రతి గడిలోనూ ఒకటే మాట. డిలీటెడ్.

"పోయాయా? అన్నీ పోయాయా బాబూ?"

"లేదు లేదు మేడమ్, కంగారు పడకండి. సర్వరులో క్షేమంగా ఉన్నాయి. ఏ వరస ఎవరిదో దీనికి ఆనవాలు దొరకడం లేదు, అంతే. వరస నంబరు చూసి గుర్తుపట్టమని చెప్పాలి."

పది నిమిషాల్లో చెప్పాడు. పేర్లన్నీ తిరిగొచ్చాయి. హైమావతి ఓ పది పేర్లు కొట్టి చూసుకుంది. "పాత పట్టికలు ఇంక తీసెయ్యండి మేడమ్, రెండుచోట్ల ఉంటే గందరగోళం" అని చెప్పి అతను బస్సెక్కాడు. ఆమె తీసెయ్యలేదు. పెన్‌డ్రైవులోంచి పాత పట్టిక తెచ్చి, ముందు "పాత" అని పేరు తగిలించి, కనబడకుండా నా అడుగున దాచింది. కొత్త స్టీలు సామాను కొన్నా అటక మీది ఇత్తడి బిందెని అమ్మని ఇల్లాలి పనే అది.

ఇక నూకరత్నం. రాజాం దగ్గర గోనెల మిల్లులో పని చేస్తుంది. ఇరవై రెండేళ్ళప్పుడు బస్సు మెట్టు మీంచి జారి ఎడమ కాలు మోకాలి కింద పోగొట్టుకుంది. లోకనాథం చేసిన కాళ్ళతోనే మిల్లులో చేరింది, పదకొండేళ్ళుగా జనపనార దారం వడికే ఫ్రేము దగ్గర నిలబడుతోంది. నాలుగేళ్ళకోసారి పాత కాలు అరిగితే కొత్తది చేయించుకునేది. ఈసారి ఫోను చేసింది. "కొలతలకి రానక్కర్లేదమ్మా, ఇప్పుడు అన్నీ కంప్యూటరే పంపిస్తుంది" అని హైమావతి కాస్త గర్వంగానే చెప్పి, నా మీద ఒక మీట నొక్కింది. తొమ్మిదో రోజున కేంద్రానికి పెట్టెలో కాలు వచ్చింది. నున్నగా, మెరుస్తూ, పెళ్ళికొడుకు చెప్పులా ఉంది. నూకరత్నం వచ్చి తొడుక్కుని, పాతదాన్ని అక్కడే వదిలేసి వెళ్ళింది. అది అప్పటికే చీలిపోయింది.

పదిరోజులకి కర్రపట్టుకుని వచ్చింది.

"నొప్పెడతంది మేడంగోరూ. సూడండి, ఎలగ ఒరుసుకుపోనాదో."

చర్మం లేచిపోయి ఉంది. హైమావతి హెడ్డాఫీసుకి ఫోను చేసింది. వాళ్ళు ఒళ్ళు పెరిగిందేమో అన్నారు.

"ఒళ్ళా?" నూకరత్నం నవ్వింది. "మిల్లులో నిలబడి నిలబడి ఒళ్ళెక్కడ పెరుగుతాది మేడంగోరూ? పెరిగితే మా ఆయన సంతోసించేవోడు."

లోకనాథం వచ్చి టేపు పెట్టాడు. యంత్రం వచ్చాక ఆయనకి పెట్టెలు విప్పడం తప్ప పని లేదు. టేపు తియ్యడం చాలా రోజులకి. "పదమూడూ ఏడు. నాలుగేళ్ళ కిందటా అంతే, ఇప్పుడూ అంతే. ఏటీ మారలేదు" అన్నాడు. హైమావతి హెడ్డాఫీసుకి 13.7 అని రాసి పంపింది. మాదీ 13.7 ప్రకారం చేసిందే అని జవాబు వచ్చింది. రెండుచోట్లా ఒకే అంకె. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాలు మాత్రం పట్టడం లేదు. ఇలాంటప్పుడు మనుషులు ఏం చేస్తారో ఇన్నేళ్ళలో చూశాను. నొప్పి ఉన్నవాళ్ళని అనుమానిస్తారు. కొత్తదానికి అలవాటు పడాలనీ, భయం వల్ల అలా అనిపిస్తుందనీ అన్నారు. అయినా మాట దక్కించుకోవడానికి ఇంకో కాలు పంపారు. అదే అంకె, అదే కాలు.

రెండోసారి నూకరత్నం వచ్చినప్పుడు నవ్వలేదు. బల్ల మీద కాలు తీసి పెట్టింది.

"నెల రోజులు సెలవైపోనాది. ఒకటో తారీకున ఫ్రేము కాడ నిలబడకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారంట. మేనేజరు మొకం మీదే సెప్పేసినాడు. కుర్సీలో కూకునే పని మా మిల్లులో లేదు మేడంగోరూ. నానేటి సెయ్యాల?"

అప్పటికి ఇరవయ్యో తారీకు. లోకనాథం బల్ల మీది కాలుని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, షెడ్డులోకి వెళ్ళిపోయాడు. మనిషి కాలుని ఎన్నిసార్లు కొలిచినా, వచ్చిన గిన్నెని ఎవరూ కొలవలేదు. యంత్రం చేసినదాన్ని కొలవడమేమిటని అందరి లెక్క. ఆయన గిన్నెకి లోపల నూనె రాసి, పిండికట్టుకి వాడే పిండి కలిపి పోసి, గట్టిపడ్డాక ముద్దని బయటికి లాగాడు. దానికి టేపు చుట్టాడు. మళ్ళీ చుట్టాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చుట్టాడు.

"అమ్మా, ఇలగ రా. ఇది పదమూడూ ఏడు కాదు. పదమూడూ అయిదున్నర."

"నూలున్నర తక్కువా?"

"ఊఁ. ఏటి, యంత్రానికి నూలు రాదేటి?"

హైమావతి గబగబా వచ్చి నా ముందు కూర్చుంది. కాలిక్యులేటరులో పాయింట్ ఏడుని ఎనిమిదితో గుణించింది. అయిదు పాయింట్ ఆరు, మేస్త్రి చెప్పిన అయిదున్నర అదే. అప్పుడు నా అడుగున దాచిన పాత పట్టికని పైకి తీసింది. ఇరవై ఒక్క ఏళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. చుక్క తరవాత ఎనిమిది ఉన్న కొలతలు ఎన్ని? ఒక్కటీ లేదన్నాను. తొమ్మిది? ఒక్కటీ లేదు. నాలుగు వేల కాళ్ళలో ఒక్క కాలైనా ఎనిమిదితో ఆగలేదు, ఎందుకంటే ఎనిమిది నూలైతే అంగుళం నిండిపోతుంది. ఆమె చేత్తో నోరు మూసుకుంది.

ఫణీంద్రకి ఫోను కలిపింది.

"మేడమ్, పాయింట్ ఏడు అంటే పాయింట్ ఏడే కదండీ?"

"కాదు బాబూ. ఎనిమిదిలో ఏడు. నువ్వు మా కొలతలన్నీ ఎక్కించావు కదా, చుక్క తరవాత ఎనిమిది గానీ తొమ్మిది గానీ ఎక్కడైనా కనబడిందా?"

అటువైపు కాసేపు కీబోర్డు చప్పుడు.

"కానీ మేడమ్... ఇది స్టాండర్డు పద్ధతి కాదు కదా."

"మా మేస్త్రి గారు పుట్టకముందు నుంచీ ఉంది నాయనా. నీ తప్పు కాదులే. నేనూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు."

"మిగతా కేంద్రాల్లో కూడా ఇలాగే ఉందంటారా?" అతని గొంతు నీరసంగా వినిపించింది. ఆ నీరసం నాకు బాగా తెలిసినదే.

ఆ మధ్యాహ్నం అతను నా పాత పట్టికని అడిగి తీసుకుని, సర్వరులోని కొలతలన్నీ మళ్ళీ లెక్కగట్టాడు. ఒక్క పూట నేను మళ్ళీ అసలుదాన్నయ్యాను. గర్వపడాలేమో. కానీ నా చూపు ఆ రెండు నెలల్లో వెళ్ళిన కాళ్ళ జాబితా మీదే ఉంది. ముప్పై ఒకటి. హైమావతి ఒక్కొక్కరికీ ఫోను చేసింది. దాదాపు అందరూ ఒకటే మాట. పట్టేస్తోందండీ, కానీ ఊరికే ఇచ్చిన కాలు కదా, నొప్పెడుతోందని ఎలా చెప్తాం? ఒకాయన గుడ్డలు చుట్టుకుని సర్దుకున్నాడట. ఒకామె ఇంట్లో పక్కన పెట్టేసి మళ్ళీ కర్రే పట్టుకుందట. పైగా అందరూ ఎదురు హైమావతికే ధన్యవాదాలు చెప్పారు. ఫోను పెట్టేసిన ప్రతిసారీ హైమావతి పెన్నుతో ఆ పేరు పక్కన గట్టిగా గీత గీసింది, కాగితం చిరిగేలా. నూకరత్నానిది నిలబడి చెయ్యాల్సిన ఉద్యోగం కాకపోయి ఉంటే ఆమె కూడా సర్దుకునేదే. ముప్పై ఒక్కమందీ కొలత తక్కువ కాళ్ళ మీదే మర్యాదగా బతికేసేవారు.

హెడ్డాఫీసు యంత్రం దగ్గర వరస పెద్దదై ఉంది. కొత్త కాలు రావడానికి పదమూడు రోజులన్నారు. అప్పటికి ఒకటో తారీకు దాటిపోతుంది. లోకనాథం ఆ మాట విని మూలనున్న పొయ్యి మీది గోనె పట్టా తీశాడు.

"యంత్రం వరసలో ఉంటే ఉండనీ. మన కాలు మనం సేసుకుందుం."

"మీకు ఇంకా చేతనవుతుందా మేస్త్రి గారూ? నిరుడు కన్ను ఆపరేషను..."

"కాలు సెయ్యడానికి కన్నెందుకమ్మా, సెయ్యి సాలు."

చెయ్యి మాత్రమే చాలలేదు. మొదటి గొట్టం ఎక్కువ కాలి ఒక పక్క పల్చబడిపోయింది. నూకరత్నం పుండు ఆరాక వచ్చి అచ్చు తీయించుకుని, షెడ్డులో బల్ల మీదే పడుకుని చూస్తోంది. "తాతా, నాది కాలు, అట్టుముక్క కాదు" అంది. ముసలాయన "నోర్మూసుకో" అన్నాడు గానీ, రెండో గొట్టం పొయ్యిలో పెట్టినప్పుడు తలుపు దగ్గరే నిలబడి క్షణం కూడా కదల్లేదు. మెత్తబడ్డ గొట్టాన్ని తువ్వాలుతో పట్టి, హైమావతి ఒక కొస, ఆయన రెండో కొస అచ్చు మీదికి లాగారు. చల్లారి పాదం బిగించాక నూకరత్నం తొడుక్కుని లేచింది. షెడ్డు చుట్టూ ఒకటి, రెండు, మూడు. తరవాత ఒక మూల నిలబడింది. ఎందుకు నిలబడ్డావని అడిగితే, "ఊరకే. ఎంతసేపుంటానో సూసుకుంటన్నాను" అంది. రెండున్నర గంటలు నిలబడింది. తరవాత బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది. అది ఇరవై తొమ్మిదో తారీకు.

ఒకటో తారీకు పదకొండు గంటలకి హైమావతి ఆమెకి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. పన్నెండుకి చేసింది, రెండుకి చేసింది. మధ్యలో రెండు ఫారాలు తప్పు కొట్టింది, సర్వరు తిట్టి వెనక్కి పంపింది. సాయంత్రం అయిదు దాటాక ఫోను మోగింది.

"ఏటి మేడంగోరూ, అన్నిసార్లు సేసినారు? ఫ్రేము కాడ ఫోనెత్తనివ్వరు కదా. మళ్ళీ కాలేటైనా మార్సాలా?"

"లేదమ్మా. ఊరికే చేశాను."

"అయితే పెట్టేత్తన్నాను, బస్సొచ్చేసినాది."

హైమావతి ఫోను పక్కన పెట్టి, గులాబీ రంగు ఫారంలో నూకరత్నం పేరు కొట్టింది. నేను విశాఖపట్నం దాకా వెళ్ళి ఆమె కొత్త కాలి వరస అడిగి తెచ్చాను. చివర ఒక గడి ఉంటుంది, మళ్ళీ వచ్చిన కారణం అని. నాలుగు వేల మందిలో ఎవరు బాగున్నారో చెప్పే గడి నా దగ్గర లేదు. బాగున్నవాళ్ళు ఈ గడిలో ఏమీ రాయనివ్వరు, అంతే. అలా ఖాళీగా ఉన్న గడిని సర్వరు 'నల్' అంటుంది, అంటే విలువ లేదని.

కర్సరు ఆ ఖాళీ గడిలో కాసేపు కొట్టుకుంది. హైమావతి ఏమీ రాయకుండా నన్ను మూసేసి, గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.